రాణిగారి ఊళ్ళో గిరీశం

మా ఊరి పేరుకి రాణి అని అర్థం. 1882లో కెనడియన్ పసిఫిక్ రైలు పట్టాలు ఈ గడ్డిమైదానం మీదుగా పడుతున్న రోజుల్లో, అప్పటి గవర్నర్ జనరల్ భార్య లూయీజ్ యువరాణి తన తల్లి విక్టోరియా మహారాణిని తలుచుకుని ఈ చోటికి రెజైనా అని పేరు పెట్టింది. అంతకు ముందు ఇక్కడి క్రీ ఆదివాసుల మాటలో దీనికున్న పేరుకి ఎముకల గుట్ట అని అర్థం. వేటాడిన అడవిదున్నల ఎముకలు వాగు ఒడ్డున గుట్టలుగా ఉండేవట. ఎముకలు పోయి రాణి వచ్చింది. మన తెలుగువాడెవడైనా మొదటిసారి జనవరిలో ఇక్కడ దిగితే మాత్రం పాత పేరే నయమంటాడు.

అదే 1882లో ఆస్కార్ వైల్డ్ అమెరికా అంతా ఉపన్యాసాలిస్తూ తిరిగి, మే నెలలో కెనడాకి కూడా వచ్చాడు. మాంట్రియల్, ఆటవా, టొరాంటో చూశాడు. ఇటు రాలేదు. రావాలన్నా అప్పటికింకా ఊరే లేదు. ఆ రోజుల్లో విజయనగరంలో గురజాడ అప్పారావుగారికి ఇరవయ్యేళ్ళు. ఒకరి పంచన భోజనం, ఒకరి దయవల్ల చదువు. మరో పదేళ్ళు గడిచాయి. 1892 ఫిబ్రవరిలో లండన్‌లో వైల్డ్ నాటకం 'లేడీ విండర్‌మియర్స్ ఫాన్' మొదటిసారి ఆడింది. ఆగస్టులో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది. వైల్డ్ 1900 నవంబరు 30న పారిస్‌లో పోయాడు. గురజాడ 1915 నవంబరు 30న పోయారు. ఈ తేదీలు కలవటంలో జ్యోతిషం ఏమీ లేదు. నేను గ్రహాల మీద వ్యాసం రాయటం లేదు. కానీ విక్టోరియా కాలపు చమత్కారి అనగానే మన ఇంగ్లీషు చదువుల పుణ్యమా అని వైల్డే గుర్తొస్తాడు. ఆ రాణిగారి ఏలుబడిలోనే పుట్టి, ఆవిడ వజ్రోత్సవం చేసుకున్న 1897లోనే తన నాటకం అచ్చేసుకున్న విజయనగరం మాస్టారు ఆ జాబితాలో ఎప్పుడూ ఉండరు. ఆయన్ని మనం 'మహాకవి' అనేసి, శాలువా కప్పుకున్న ఫొటోకి దండ వేసేసి, ఆ పని అయిందనిపించాం. నవ్వించేవాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

ఈ వ్యాసానికి కారణం ఒక చలికాలం. కార్లకి కరెంటు తగిలించకపోతే పొద్దున్న ఇంజను కదలని ఊరు ఇది. మైనస్ ముప్ఫైలో ఎవరూ ఎక్కడికీ పోలేరు కాబట్టి, నాలుగైదు కుటుంబాల వాళ్ళం మా బేస్‌మెంట్లో చేరి మూడు శనివారాలు 'కన్యాశుల్కం' పైకి చదువుదామని అనుకున్నాం. వేషాలు పంచుకున్నాం. గిరీశం నాకే వచ్చింది. వచ్చిందేమిటి, నేనే లాక్కున్నాను. కాలేజీలో ఉండగా ఆ వేషం వేసి చుట్ట కాల్చటం నేర్చుకున్నవాణ్ణి, ఇంకొకరికి ఎలా ఇస్తాను? బుచ్చమ్మ భాగం చదవటానికి ఎవరూ ముందుకి రాలేదు. అందులో ఏముందండీ, అన్నీ ఒక్క ముక్క మాటలే, అన్నారు ఆడవాళ్ళు. చివరికి పదిహేడేళ్ళ మా అమ్మాయి ఒప్పుకుంది. దానికి తెలుగు మాట వచ్చుగానీ లిపి రాదు. దాని భాగమంతా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిచ్చాను.

గిరీశం బుచ్చమ్మని లొంగదీసే ఘట్టానికి వచ్చాం. నేను విజృంభించాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. మా అమ్మాయి తన ముక్కలు తను చదివి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, అందరూ పకోడీల వైపు లేచాక నన్నడిగింది: "నాన్నా, ఆ అమ్మాయి జోక్ చెయ్యదేం? ఇంతమంది ఇన్ని జోకులు వేస్తున్నారు, తనొక్కతీ ఒక్కటి కూడా వెయ్యదు. తనకి అర్థం కావటం లేదా, లేక రైటర్‌కి తనంటే లెక్క లేదా?"

నలభై ఏళ్ళుగా ఈ నాటకాన్ని నెత్తిన పెట్టుకు తిరుగుతున్నవాణ్ణి. నాకు జవాబు రాలేదు. ఆ తర్వాత నెల రోజులు అదే పనిగా పుస్తకం తిరగేశాను. ఇక్కడ రాస్తున్నది ఆ ప్రశ్నకి నాకు దొరికినంత జవాబు.

ముందు వైల్డ్ సంగతి చూడాలి, పోలిక కుదిరేది అక్కడే. 1895 ఫిబ్రవరి 14న మొదలైన 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'లో ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడికి లేని తమ్ముడున్నాడు, ఇంకొకడికి లేని రోగిష్ఠి స్నేహితుడున్నాడు. ఆ అబద్ధాలు అడ్డం పెట్టుకుని పల్లెలో ఒక బతుకు, పట్నంలో ఒక బతుకు బతుకుతుంటారు. మన గిరీశానికి వీళ్ళు పెత్తండ్రి పిల్లలు. ఆ నాటకంలో ఎవరు నోరు విప్పినా చమత్కారమే. యజమానీ చమత్కారే, నౌకరూ చమత్కారే, ముసలావిడా అంతే, పద్దెనిమిదేళ్ళ పిల్లా అంతే. కళ్ళు మూసుకుని వింటే ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోలేం. అందరి నోటా వైల్డే పలుకుతాడు. అదొక సంపన్నుల ఇల్లు లాంటిది. అన్ని గదుల్లోనూ దీపాలే.

గురజాడ నాటకంలో దీపాలు అన్ని గదుల్లోనూ లేవు. అక్కడ చమత్కారం భూమిలాగా, బంగారంలాగా ఆస్తి. కొందరి దగ్గర ఉంటుంది, కొందరి దగ్గర ఉండదు. గిరీశానిది అప్పు తెచ్చిన చమత్కారం. వెనక పైకం లేని హుండీ. రామప్పపంతులుది దొంగసాక్ష్యాలతో, దొంగకాగితాలతో పదునెక్కిన పల్లెటూరి చమత్కారం, కానీ ఎదటివాడు ఇంకాస్త గట్టివాడైతే ఇట్టే విరిగిపోతుంది. కరటకశాస్త్రిది నాటకాలాడేవాడి చమత్కారం. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురిగా అమ్మేసి పోగలడు. నౌకరు అసిరిగాడి మాట వేరు, యాస వేరు, ఎత్తిపొడుపు వేరు. మధురవాణిది వృత్తిలో సంపాదించిన చమత్కారం. ప్రతి మగవాడి బేరం విని విని ఆమెకి అబ్బింది. ఇక అగ్నిహోత్రావధాన్లుకి కోపమే తప్ప చమత్కారం లేదు. వెంకమ్మకి లేదు. మీనాక్షికి లేదు. బుచ్చమ్మకి అసలే లేదు. ఎవరిని అమ్మబోతున్నారో ఆ సుబ్బి గొంతు మనకి దాదాపు వినపడనే వినపడదు.

ఇది రచయిత మర్చిపోయింది కాదు. లెక్కకట్టి చేసిన పని. ఎందుకంటే ఆ లెక్కలు ఆయన దగ్గర ఉన్నాయి. విజయనగరం మహారాజా ఆనందగజపతి కన్యాశుల్కం మీద చట్టం తేవాలన్న ప్రయత్నంలో, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో డబ్బుకి జరిగిన పెళ్ళిళ్ళు లెక్క తీయించారు. నాటకానికి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఆ అంకెలున్నాయి. నమోదైనవి 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది నిండినవాళ్ళు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న పిండానికి కూడా బేరాలు జరిగేవని అదే ముందుమాటలో రాశారు.

ఈ అంకెల పక్కన వైల్డ్ నాటకంలో అంకె ఒకటి పెట్టి చూడండి. లేడీ బ్రాక్‌నెల్ తన మేనల్లుడు కట్టుకుంటానన్న పిల్లని మొదట కంటితో కూడా చూడదు. ఆ పిల్ల పేర 1,30,000 పౌన్లు ఉన్నాయని తెలియగానే ఆ పిల్ల మొహంలో ఆవిడకి కళ కనిపిస్తుంది. హాలు ఘొల్లుమంటుంది. అదీ పెళ్ళిబేరమే, ఇదీ పెళ్ళిబేరమే. అక్కడ డబ్బు పిల్ల పేర ఉంది, కాబట్టి ఆ పిల్లకి మాటా ఉంది, జవాబుగా చమత్కారమూ ఉంది. ఇక్కడ డబ్బు పిల్ల తండ్రి మొలలోకి పోతుంది. పిల్లకి మాటే లేదు. వైల్డ్ సంగతిని తక్కువ చెయ్యటం లేదు నేను. తన చుట్టూ ఉన్న సంపన్నుల గుట్టు అంత అందంగా బయటపెట్టినవాడు లేడు. ఆ అందానికి మూల్యం కూడా చెల్లించాడు. ఆ నాటకం ఆడుతుండగానే కోర్టుకెక్కి, మేలో రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. నాటకం ఇంకా ఆడుతుండగానే ప్రకటనల్లోంచి అతని పేరు తీసేశారు. నవ్విన నోళ్ళే ఊశాయి. 1897 మే నెలలో జైలు నుంచి బయటకొచ్చాడు.

అదే మే నెలలో ఆనందగజపతి పోయారు. గురజాడ అదే ఏడాది మొదట్లో తన పుస్తకాన్ని ఆయనకే అంకితమిచ్చారు. అండ పోయింది. తర్వాత మహారాజుగారి సోదరి రీవా మహారాణి దగ్గర ఉద్యోగం, ఏళ్ళ తరబడి సాగిన సంస్థానం వారసత్వ వ్యాజ్యం, దస్తావేజులు, వకీళ్ళు, మద్రాసు ప్రయాణాలు, మధ్య మధ్య ఒంట్లో బాగోకపోవటం. ఈ కాలంలో గురజాడ సాహిత్యానికి దూరమయ్యారని కొందరు చింతిస్తారు. నాకలా అనిపించదు. 1909లో వచ్చిన రెండో కూర్పు చూస్తే, కోర్టుల్లో తిరిగినవాడు తప్ప ఇంకొకడు రాయలేడనిపిస్తుంది. మనందరం చదివేదీ, ఆడేదీ ఈ రెండో కూర్పే. మొదటిది అయిదంకాల చిన్న నాటకం. రెండోది ఏడంకాల మహారణ్యం. మధురవాణి దీనిలోనే ఇంత పెద్దదయింది. అగ్నిహోత్రావధాన్లు వ్యాజ్యాల పిచ్చి, లేని పెళ్ళికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద పడ్డ ఖూనీ కేసు, సాక్ష్యాల తయారీ, ప్లీడర్ల గుంపు: న్యాయమనే యంత్రం ఎలా కిర్రుమంటుందో అంతా అందులో ఉంది.

ఒక చిన్న మాట ఇక్కడ. మా రెజైనాలో కూడా కోర్టు నాటకం ఒకటుంది. మేటీ జాతి నాయకుడు లూయీ రియెల్‌ని ఈ ఊళ్ళోనే విచారించి 1885 నవంబరు 16న ఇక్కడే ఉరితీశారు. కేసు పేరు రాణి వర్సెస్ రియెల్. ఆ విచారణ కాగితాల ఆధారంగా జాన్ కోల్టర్ రాసిన నాటకాన్ని 1967లో మొదలుపెట్టి ఎన్నో వేసవుల్లో ఇక్కడ ఆడారు. ఒకసారి వెళ్ళి చూశాను. జ్యూరీలో ప్రేక్షకుల్ని కూర్చోబెడతారు. అందులో ఎవరూ నవ్వరు. రాణిగారి న్యాయం గురించి ఆ చివర అలా రాశారు, ఈ చివర విజయనగరంలో ఇలా రాశారు. రెండిట్లోనూ తీర్పు నాకు నమ్మకం కలిగించలేదు.

మళ్ళీ గిరీశం దగ్గరికొస్తాను. వెంకటేశాన్ని వెంటబెట్టుకుని, ఊళ్ళో అప్పులవాళ్ళనీ పూటకూళ్ళమ్మనీ తప్పించుకుని కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అక్కడ పరీక్ష తప్పిన వెంకటేశం ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో వినాలని ఇంట్లోవాళ్ళకి సరదా. గురుశిష్యులిద్దరూ పిల్లల పద్యాల ముక్కలూ, వాచకంలో వాక్యాలూ ఒకరికొకరు జవాబు చెబుతున్నట్టు అప్పజెబుతారు. అర్థం లేకపోయినా తల్లి మురిసిపోతుంది. ఈ ఘట్టానికి నవ్వని తెలుగువాడు లేడు. ఆ శనివారం నేనూ నవ్వుతూ చదివాను. అదే హాల్లో నెల కిందట సంక్రాంతికి మా పిల్లలందరినీ స్టేజీ ఎక్కించి వేమన పద్యాలు చెప్పించాం. ఒక్కడికీ అర్థం తెలీదు. మేం కింద కూర్చుని వీడియో తీసుకుంటూ మురిసిపోయాం. నూరేళ్ళలో భాష మారింది. అప్పజెప్పటం మారలేదు, తల్లి మొహంలో వెలుగు మారలేదు. చదువుతూ చదువుతూ ఈ సంగతి తట్టి నా గొంతు కొంచెం పట్టేసింది. దగ్గొచ్చిందనుకుని ఎవరో నీళ్ళిచ్చారు.

మా వలస తెలుగువాళ్ళకి గిరీశం అంటే అంత ముద్దు ఎందుకో ఆలోచించాల్సిన విషయం. వాడి ఇంగ్లీషు వాడికి పెట్టుబడి. ఊరు మారితే అప్పు మాసిపోతుంది. ఎక్కడికి వెళితే అక్కడికి తగిన ఉపన్యాసం ఉంటుంది. రెజ్యుమే రాసిన ప్రతివాడిలోనూ గిరీశం ఒక పాలు ఉంటాడని మా మిత్రుడొకడంటాడు. 1955లో వచ్చిన సినిమాలో ఎన్.టి. రామారావు ఆ వేషం వేసినప్పటినుంచీ వాడికి అందం కూడా వచ్చింది. నా మటుకు నేను, కొత్తగా వచ్చిన రోజుల్లో, చెయ్యని పని చేసినట్టు చెప్పి ఒక ఉద్యోగంలో చేరాను. ఆ రాత్రి ఇంటికొచ్చి గిరీశం మాటలే అనుకుని నవ్వుకున్నాను. నాకు వాడు ధైర్యం. అందుకే వాణ్ణి ఇంతకాలం తప్పుగా చదివాను.

గురజాడకి కూడా వాడు దూరపువాడు కాదు. ఆయన మొదట ఇంగ్లీషు కవి. 1883లో 'సారంగధర' అని ఇంగ్లీషులో కావ్యం రాశారు. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుని మళ్ళీ అచ్చేశారు. మెచ్చుకుంటూనే, ఎంత బాగా రాసినా పరాయి భాషలో రాస్తే పరాయివాడివే, నీ భాషలో రాయి అని హితవు చెప్పారంటారు. ఆ హితవు విన్న తర్వాత పుట్టినవాడు గిరీశం. నాటకంలో వితంతువు మీద ఇంగ్లీషు పద్యం కట్టి గొప్పలు పోయే గిరీశాన్ని చూసినప్పుడల్లా, ఇంగ్లీషు కవి కాబోయి మానుకున్న గురజాడ తన పాత చొక్కా వీడికి తొడిగి చూసుకుంటున్నాడనిపిస్తుంది. రచయిత తనని తాను వెక్కిరించుకోవటం వల్లే ఆ పాత్రకి అంత ఊపిరి వచ్చింది. ఊపిరి పోశాడు కదా అని క్షమించాడనుకోవటం మన పొరపాటు.

ఇప్పుడు బుచ్చమ్మ. గిరీశం ఆమెకి శాస్త్రాలు చెబుతాడు, స్వర్గం వర్ణిస్తాడు, పునర్వివాహం పుణ్యమంటాడు. మనం వాడి మాటల గారడీ వింటూ నవ్వుతాం. ఆమె ఎందుకు బయల్దేరింది? శాస్త్రం విని కాదు, స్వర్గం చూసి కాదు. వాడి అందం చూసి అని కూడా నేననుకోను. ముసలి లుబ్ధావధాన్లుకి చెల్లెలిని ఇవ్వటం ఎలాగైనా ఆగాలి. ఆ సంబంధం మాట విని తల్లి నూతిలో దూకింది, జనం బయటికి తీశారు. తండ్రి ఎవరిమాటా వినడు. తను లేచిపోతే సుబ్బి పెళ్ళి తప్పిపోతుందన్న ఒక్క ఆశ ఆమెని కదిలించింది. తననీ ఇలాగే ముసలివాడికి అమ్మారు కదా, ఆ ధర సంగతి ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్ని తెలివితేటలున్న నాటకంలో, వేరొకరి కోసం తన బతుకుని పణంగా పెట్టే ముఖ్యమైన పని చేసింది ఆమె. ఒక్క చమత్కారం లేకుండా చేసింది. మధురవాణి చేసే మేలు కూడా నిజమైనదే. కానీ మధురవాణికి ఆటలో తన చెయ్యి ఏమిటో తెలుసు, ఎదుటివాడి చెయ్యి కూడా తెలుసు. బుచ్చమ్మకి ఆట ఆడుతున్నారన్న సంగతే తెలీదు.

అంటే మా అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు కాదనే. ఆమెకి అర్థం కావటం లేదని కాదు, రచయితకి లెక్క లేదనీ కాదు. నవ్వులో పాలుపంచుకోలేని మనిషిని నవ్వుల మధ్య కూర్చోబెట్టి, మనం ఎప్పటికి గమనిస్తామో చూస్తున్నాడు ఆయన. చదివే మనకి అది పట్టలేదు. నాకు నలభై ఏళ్ళు పట్టింది. పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నది ఒకటుంది. ఇదే తెలివిగా చేశారా, లేక బుచ్చమ్మ భాష రాయటానికి కావలసిన ఓపిక ఆయనకి చాలలేదా అన్న అనుమానం నన్ను పూర్తిగా వదలలేదు. మధురవాణికి ఇచ్చినన్ని పేజీలు ఆమెకి ఇవ్వలేదు. తెలివైన ఆడదాన్ని రాయటం తెలివైన మగవాడికి సరదా. మాటరాని ఆడదాన్ని రాయటం కష్టం. ఆ కష్టం ఆయన తర్వాత కొంత పడ్డారు. పూర్ణమ్మని రాసినప్పుడు, డబ్బుకి ముసలివాడికిచ్చిన పిల్ల నోటనే చాలా చెప్పించారు. 1910లో వచ్చిన 'దిద్దుబాటు'లో మాత్రం భోగంమేళాల వెంట తిరిగే మొగుడికి కమలిని ఉత్తరం రాసిపెట్టి మాయమై చివర మంచం కింద నవ్వుతుంది. ఆ నవ్వు బుచ్చమ్మకి బాకీ ఉన్న నవ్వు అని నాకనిపిస్తుంది. చదువుకున్న కమలిని చేతిలో కాగితం కలం ఉన్నాయి కాబట్టి ఆమె నవ్వగలిగింది.

ఈ నాటకాన్ని వెల్చేరు నారాయణరావుగారు 'గర్ల్స్ ఫర్ సేల్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. 2007లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ అచ్చేసింది. ఆయన వెనకమాటలో మన అలవాటు చదువునంతా తిరగేశారు. దీన్ని సంఘసంస్కరణ నాటకమనటం దాన్ని చిన్నబుచ్చటమనీ, ఇందులో మనుషులు సంస్కర్తల కోసం ఎదురుచూస్తున్న అభాగ్యులు కారు, తమ తగువులు తామే తీర్చుకోగల చురుకైనవాళ్ళనీ ఆయన వాదన సారాంశంగా నాకు అర్థమైంది. సౌజన్యారావు విషయంలో నేను ఆయనతోనే ఉన్నాను. భోగంవాళ్ళ మొహం చూడనని వ్రతం పట్టిన ఆ వకీలు దగ్గరికి మధురవాణి మగవేషంలో వచ్చి, లుబ్ధావధాన్లుని కాపాడే సాక్ష్యానికి ఫీజుగా ఒక ముద్దు అడిగి, ఆయన ఇవ్వటానికి సిద్ధపడ్డాక తనే వద్దని తప్పుకుంటుంది. సంస్కర్త పరువు కాపాడింది ఆయన వెలివేసిన మనిషి. వీరేశలింగంగారి తరానికి గురజాడ పెట్టిన చురక అది, ఆయన మీద గౌరవం ఉంటూనే పెట్టిన చురక. వైల్డ్‌లోనూ మారువేషాలున్నాయి, మారుపేర్లున్నాయి. అక్కడ ముసుగు తీస్తే కింద ఇంకో చమత్కారం ఉంటుంది. ఇక్కడ ముసుగు తీస్తే ఒక మనిషి, ఆ మనిషికి కూర్చోవటానికి కుర్చీ ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న.

కానీ చురుకైనవాళ్ళు అన్నమాట దగ్గర నేను వెల్చేరువారితో ఆగిపోతాను. మధురవాణి చురుకు, కరటకశాస్త్రి చురుకు. 1034లో లెక్కకొచ్చిన ఆ పిల్లలు ఎంత చురుగ్గా ఉంటే ఏం లాభం? నవ్వగలిగినవాళ్ళ వైపు నుంచి చదివితే అది సజీవమైన సమాజమే. బుచ్చమ్మ వైపు నుంచి చదివితే తలుపులన్నీ బయటినుంచి గడియపెట్టి ఉన్నాయి. చివర ఆమెని పూనాలో వితంతు శరణాలయానికి పంపిస్తారు. కార్వే అక్కడ 1896లో అలాంటి చోటు మొదలుపెట్టాడు కాబట్టి అది గాలిమాట కాదు. చదువు వస్తుంది, తిండి దొరుకుతుంది. అదే ఆమెకి జరిగిన మంచి. కానీ ఆ నిర్ణయం జరిగినప్పుడు ఆమెని ఎవరూ అడగరు. గిరీశానికి కథ అడ్డం తిరిగిందన్న విసుగుతో నాటకం ముగుస్తుంది. మనం చప్పట్లు కొడతాం. ఆ విసుగు అంత ప్రసిద్ధమైపోయి తెలుగువాళ్ళందరి నోట్లో సామెతైంది. ఆ పూట రైలెక్కవలసిన పిల్ల సంగతి సామెతలోకి రాలేదు.

పరాయి దేశంలో ఉన్నాం కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. మా వైపు ఇప్పుడు కన్యాశుల్కం లేదు. దిశ మారింది, రసీదు మారలేదు. పెళ్ళికొడుకు పాస్‌పోర్టులో ఏ ముద్ర ఉందో దాన్ని బట్టి రేటు పలికిన సంబంధాలు నాకు తెలుసు. అందులో ఒకదానికి నేను పెద్దమనిషిగా మధ్యన కూర్చున్నాను. ఆ పిల్ల ఇక్కడికి వచ్చాక మొదటి శీతాకాలం మా ఇంటికి వచ్చి సోఫా చివర కూర్చునేది. నా జోకులకి నవ్వేది కాదు. ఇంగ్లీషు రాదు, సిగ్గు, అనుకున్నాను. తర్వాత ఆమె వెళ్ళిపోయింది. ఎక్కడికి, ఎందుకు అనే సంగతులు ఇక్కడ రాయటం న్యాయం కాదు. ఆ శనివారం మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది బుచ్చమ్మ కాదు, ఆ సోఫా చివర.

మూడో శనివారం చివరి రెండంకాలూ చదివాం. నేను గిరీశాన్ని కొంచెం నెమ్మదిగా చదివాను. ఏమండీ ఒంట్లో బాగాలేదా, ఊపు తగ్గింది, అన్నారు. జనం మొదటివారమంత నవ్వలేదు. చదవటం పాడైందని ఒకాయన బాహాటంగానే అన్నాడు. ఆయన మాట కొట్టిపారెయ్యలేను. గురజాడ నవ్వించటానికే రాశారు. నవ్వు చంపేసి నాటకాన్ని బతికించలేం. వాడు పూర్తిగా రుచిగా ఉండాలి. ఆ రుచి మన నోట్లో ఉండగానే ఆమె కనపడాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా చదవాలో నాకింకా చేతకాలేదు.

వచ్చే చలికాలం మళ్ళీ చదువుదామనుకుంటున్నాం. ఈసారి గిరీశం తనకి కావాలని మా అమ్మాయి అడిగింది. తెలుగు అక్షరాలు నేర్చుకుంటే ఇస్తామన్నాం. గుణింతాల దాకా వచ్చింది. నాకు లుబ్ధావధాన్లు ఇచ్చారు.